వైజాగ్ ఆర్కిటెక్చర్ స్టూడియోలో ఒక సెమిస్టర్: ప్రాక్టికల్ ట్రైనింగ్‌లో నా అనుభవం

బి.ఆర్క్‌లో ఒక సెమిస్టరంతా కాలేజీ బయట, రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్ దగ్గర పని నేర్చుకోవాలి. నాది డిసెంబరు మొదటి వారంలో విశాఖపట్నంలో మొదలై మే నెలాఖరుకి ముగిసింది. సీతమ్మధారలో ఒక ఇంటి మేడ మీద స్టూడియో. ప్రిన్సిపల్ మేడమ్, ముగ్గురు సీనియర్లు, ఇద్దరు డ్రాఫ్ట్స్‌మెన్, మేం ట్రైనీలం. చేతిలో ఉండే పనుల్లో ఎక్కువ భాగం 200 నుంచి 500 గజాల ఇళ్ళు, చిన్న అపార్ట్‌మెంట్లు, అప్పుడప్పుడు ఒక క్లినిక్. కాలేజీలో మ్యూజియాలు, ఎయిర్‌పోర్టులు గీసి వచ్చినవాళ్ళకి ఇవి చిన్న పనుల్లా అనిపించవచ్చు. ఒక కుటుంబం ఏళ్ళ తరబడి దాచుకున్న డబ్బు మన డ్రాయింగును నమ్మి ఖర్చవుతుందని అర్థమైతే ఆ మాట మళ్ళీ అనరు. వచ్చే ఏడాది ట్రైనింగ్‌కి వెళ్ళేవాళ్ళ కోసం జరిగింది జరిగిన వరసలో రాస్తున్నాను.

ఆగస్టు నెలాఖరుకి పోర్ట్‌ఫోలియో తయారుగా ఉండాలి. 12 నుంచి 15 పేజీలు, ఫైలు 10 ఎంబీ లోపు. అంతకంటే పెద్దదైతే మెయిల్ వెళ్ళదు, వెళ్ళినా ఫోన్లో తెరుచుకోదు. ప్రిన్సిపల్స్ చాలామంది దాన్ని సైటు దారిలో ఫోన్లోనే చూస్తారు. త్రీడీ రెండర్లు అందరి దగ్గరా ఉంటాయి కాబట్టి వాటిని గబగబా దాటేస్తారు. మా స్టూడియోలో ఆగి చూసింది చేత్తో కొలిచి గీసిన ఒక పాత పెంకుటిల్లు డ్రాయింగునీ, కొలతలు వేసిన ఒక సెక్షన్‌నీ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు). మెయిల్ పెట్టాక రెండు మూడు వారాలు ఏ జవాబూ రాకపోవడం మామూలే. ఆ రోజుల్లో దిగులు పడని ట్రైనీ నాకు కనిపించలేదు. అప్పుడు ఫోన్ చేయాలి. ఉదయం 11 గంటల ప్రాంతం మంచిది, ఆ తర్వాత వాళ్ళు సైట్లకి వెళ్ళిపోతారు.

ఒప్పుకునే ముందు ఒక విషయం తప్పకుండా చూసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వ్యక్తి సంతకం పెడితేనే కాలేజీ ఆ ట్రైనింగ్‌ని లెక్కలోకి తీసుకుంటుంది. ఇంటీరియర్స్, ఎలివేషన్లు బాగా చేసే ఆఫీసులు ఊళ్ళో చాలా ఉన్నాయి, అన్నింటిలోనూ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ఉండరు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి నంబరు సరిచూసుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. దానితోపాటే స్టైపెండ్ ఎంత, మొదటి నెల నుంచే ఇస్తారా, సైట్‌కి వెళ్ళే పెట్రోలు ఖర్చు ఎవరిది అన్నవి అడిగేయాలి. అడగడానికి మొహమాటపడితే తర్వాత ఇబ్బంది మనదే. నాకు నెలకి 8,000 ఇచ్చారు. ఎంవీపీ కాలనీలో భోజనంతో కలిపి హాస్టల్ 7,000. మిగిలింది పెట్రోలుకే చాలదు కాబట్టి ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోక తప్పలేదు. మొదట్లో కొనాల్సినవి: కాలి వేళ్ళ మీద గట్టి తొడుగు ఉన్న సేఫ్టీ షూస్, 5 మీటర్ల స్టీల్ టేపు, ఎర్ర పెన్నులు, గట్టి అట్ట ఉన్న నోటు పుస్తకం. లేజర్ మీటరు ఆఫీసుది ఉంటుంది. ల్యాప్‌టాప్ మాత్రం చాలా చోట్ల మనదే తెచ్చుకోమంటారు.

ఇంటర్వ్యూలో సాఫ్ట్‌వేర్ గురించి పెద్దగా అడగలేదు. తెల్ల కాగితం ఇచ్చి, స్లాబు నుంచి స్లాబుకి 10 అడుగుల 6 అంగుళాలు ఉన్న ఇంటికి మెట్ల సెక్షన్ గీయమన్నారు. ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో నాకు ఫిబ్రవరిలో తెలిసింది, ఆ సంగతి వరసలో చెబుతాను.

డిసెంబరంతా కొలతలే. మొదటి సైటు మధురవాడ వైపు, దస్తావేజులో 30 × 60 అడుగులు, అంటే 200 గజాలు. నాలుగు భుజాలూ కొలిచి వచ్చేస్తే సరిపోదు, కర్ణాలు రెండూ కొలవాలి. మూలలు సరిగ్గా ఉంటే 30 × 60 స్థలానికి కర్ణం 67 అడుగుల 1 అంగుళం రావాలి, రెండు వైపులా అంతే రావాలి. ఊళ్ళో ఎక్కువ స్థలాల్లో రాదు. ఒక పక్క 29 అడుగుల 7 అంగుళాలు, ఇంకో పక్క 30 అడుగుల 2 అంగుళాలు ఉంటాయి, పక్కవాళ్ళ ప్రహరీ కొంచెం లోపలికి వచ్చి ఉంటుంది. దస్తావేజు కొలత, నేల మీది కొలత రెండూ రాసుకుని, ఏ వైపు ఏది తక్కువైతే దాన్ని పట్టుకుని ప్లాను గీస్తారు. ఈ సంగతి యజమానికి మొదటి వారంలోనే చెప్పేయాలి. ముగ్గు పోసిన రోజున తెలిస్తే గొడవ పక్కింటితో మొదలై స్టూడియో దాకా వస్తుంది.

కొండవాలు నేలలు ఉన్న ఊరు కాబట్టి మట్టాలు కూడా తీయాలి. రోడ్డు అంచున ఒక చెక్కుచెదరని గుర్తు పెట్టుకుని దాన్ని సున్నాగా తీసుకుంటాం. కరెంటు స్తంభం దిమ్మ గానీ కల్వర్టు అంచు గానీ అయితే మంచిది. అక్కడి నుంచి ఆటో లెవల్‌తో (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) స్థలమంతా 10 అడుగులకి ఒక చోట రీడింగ్. రోడ్డు మళ్ళీ వేసిన ప్రతిసారీ మట్టం పెరుగుతుంది, అందుకే మా స్టూడియోలో గచ్చు మట్టం రోడ్డు కంటే కనీసం 2 అడుగుల 6 అంగుళాలు పైన పెడతారు. అంతకంటే పెంచితే కారు ఎక్కే ర్యాంపు నిటారుగా అయిపోతుంది. ఈ రెండింటి మధ్య ఆ అంకె కుదర్చడానికే ఒక సాయంత్రం పట్టింది.

కొలతలతోపాటు కాగితాలు కూడా చూస్తారని నేను ఊహించలేదు. స్థలం సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు ఉంటే తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నిబంధనలు చూడాలి. అపార్ట్‌మెంటు అయితే నౌకాదళ విమానాశ్రయం వల్ల ఎత్తు పరిమితి చూడాలి. సింహాచలం కొండ చుట్టుపక్కలైతే హక్కుల వివాదం ఉన్న దేవస్థానం పంచ గ్రామాల భూమా కాదా, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఉందా అన్నది ముందే తేల్చాలి. ఇవి తేలకుండా ప్లాను మొదలుపెడితే నెల రోజుల పని చెత్తబుట్టలోకి పోతుంది. మేడమ్ మొదటి ఫీజు తీసుకునే ముందే ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అడిగేవారు.

ఆఫీసు పనివేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 7. శనివారం కూడా ఉంటుంది. ఏదైనా ఇవ్వాల్సిన ముందు రోజు రాత్రి 10 అవుతుంది, నెలలో రెండు మూడు సార్లు. అంతకు మించి కూర్చోబెట్టలేదు. అలా కూర్చోబెట్టే చోట్లూ ఉన్నాయని స్నేహితులు చెప్పారు కాబట్టి ఇంటర్వ్యూలోనే అడగడం మంచిది. మేడమ్‌ని మేడమ్ అనే పిలుస్తాం, సీనియర్లని అన్నా, అక్కా అంటాం. డ్రాఫ్ట్స్‌మెన్ ఇద్దరూ వయసులో అందరికంటే పెద్దవాళ్ళు. డిగ్రీలు లేవు గానీ, సైట్లో ఏది నిలబడుతుందో ఏది నిలబడదో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ళని గారూ అని పిలిచి, వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న ట్రైనీకే పని వస్తుంది.

మొదటి నెలలో బాగా బాధ పెట్టేది ఎర్ర పెన్ను. మనం గీసిన ఏ3 ప్రింటు సాయంత్రానికి ఎర్రగా తిరిగి వస్తుంది. గోడ గీత, కొలత గీత ఒకే మందంలో ఉన్నాయని, తలుపు తెరుచుకునే వైపు స్విచ్‌బోర్డు పెట్టారని, బాణం గుర్తు గాల్లో వేలాడుతోందని. మొదట్లో ఏడుపొస్తుంది. ఎర్ర గుర్తుల్లో సగం కంటే ఎక్కువ ఒకే ప్రశ్నకి సంబంధించినవని కొన్ని వారాలకి గమనించాను: ఈ కొలత ఎక్కడి నుంచి? ఇటుక నుంచా, ప్లాస్టరింగ్ నుంచా, టైలు నుంచా? స్లాబు నుంచా, పూర్తయిన గచ్చు నుంచా? స్టూడియోలో నేర్చుకున్నదంతా చివరికి ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. అందుకే కింద చాలా దూరం దీని గురించే రాస్తాను.

జనవరిలో క్లయింట్ మీటింగులు. వచ్చేది ఒక్క మనిషి కాదు, కుటుంబం. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో, వాస్తు చూసే పంతులుగారు స్పీకర్‌లో. ట్రైనీ పని మాటలన్నీ రాసుకుని అదే రోజు రాత్రి మినిట్స్ పంపడం. ఎవరు ఏది ఒప్పుకున్నారో తేదీతో రాసి పెట్టకపోతే తర్వాత ప్రతి మార్పూ మొదటి నుంచీ మొదలవుతుంది.

వాస్తు గురించి కాలేజీలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇక్కడ అది మొదటి రోజు నుంచే డిజైన్‌లో భాగం. వంట ఆగ్నేయం, పెద్ద పడకగది నైరుతి, సంపు ఈశాన్యం, సెప్టిక్ ట్యాంకు వాయవ్యం వైపు, ఈశాన్యంలో మెట్లు కూడదు. తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ ఖాళీ వదలమనడం మన ఊళ్ళో చక్కగా కుదురుతుంది, సముద్రం తూర్పునే కాబట్టి. చిక్కంతా వంటింటితోనే. సముద్రపు గాలి మధ్యాహ్నం తూర్పు, ఆగ్నేయాల నుంచి వీస్తుంది. ఆగ్నేయంలో వంటిల్లు పెడితే పోపు ఘాటు, వేడి నేరుగా హాల్లోకి వస్తాయి. మా స్టూడియో దీనికి పట్టే దారి ఏమిటంటే, హాలుకీ భోజనాల గదికీ తూర్పు గోడలో విడిగా పెద్ద కిటికీలు ఇచ్చి, గాలి వంటింట్లోంచి కాకుండా అటు నుంచి లోపలికి వచ్చేలా చేయడం. వంటింటికి దక్షిణం గోడలో ఎగ్జాస్ట్. చిమ్నీ గొట్టం తూర్పుకి తీస్తే ఎదురుగాలికి పొగ వెనక్కి తంతుంది కాబట్టి దాన్నీ దక్షిణానికే తిప్పి, చివర గాలి లోపలికి కొట్టకుండా ఆపే మూత (కౌల్) పెడతారు. వాస్తూ దెబ్బతినదు, గాలీ దెబ్బతినదు. ఇలాంటి పరిష్కారం దొరికినప్పుడు ఆఫీసంతా వెలిగిపోయేది. నాకు ఈ వృత్తి మీద ఇష్టం స్థిరపడింది ఆ వారంలోనే.

సజ్జాల లెక్క కూడా అప్పుడే నేర్చుకున్నాను. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. మే రెండో వారంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మధ్య రోజుల్లో కొంచెం ఉత్తరానికి వాలతాడు, అంటే జూన్‌లో ఉత్తరపు కిటికీకీ ఎండ తగులుతుంది. డిసెంబరులో దక్షిణానికి దిగి, మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 2 అడుగుల సజ్జా అప్పుడు కిటికీ మీద సుమారు 2 అడుగుల 3 అంగుళాల మేర నీడ వేస్తుంది. నాలుగున్నర అడుగుల కిటికీకి అది సగం. పడమటి కిటికీకి ఏ సజ్జా పనిచేయదు, ఎండ అడ్డంగా వస్తుంది. అటు కిటికీ చిన్నదైనా చేయాలి, నిలువు రెక్కలైనా పెట్టాలి.

జనవరి మూడో వారంలో ప్లాను అనుమతికి వెళ్ళింది. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో దరఖాస్తు ఆన్‌లైన్‌లో, రాష్ట్ర ప్రభుత్వ ఏపీడీపీఎంఎస్ పోర్టల్ ద్వారానే. 2025 నుంచి 18 మీటర్ల ఎత్తు దాటని ఇళ్ళకి సెల్ఫ్ సర్టిఫికేషన్ (ప్లాను నిబంధనల ప్రకారమే ఉందని తామే ధ్రువీకరించే) పద్ధతి వచ్చింది కాబట్టి సంతకం పెట్టిన ఆర్కిటెక్ట్ లేదా ఇంజనీర్ మీద బాధ్యత ఇంకా పెరిగింది. అనుమతి డ్రాయింగు వేరు, కట్టడానికి ఇచ్చే డ్రాయింగు వేరు. ఇక్కడ గీతలు చదివేది సాఫ్ట్‌వేరు. స్థలం హద్దు, రోడ్డు, భవనం, ఖాళీ స్థలం, మెట్లు, గదులు, ఏది ఏ లేయర్‌లో (ఫైలులోని విడి పొర) ఉండాలో అదే లేయర్‌లో ఉండాలి. ప్రతి ఆకారం మొదలైన బిందువు దగ్గరే మూసుకోవాలి. మిల్లీమీటరు సందు ఉన్నా విస్తీర్ణం లెక్కకి రాదు, రిపోర్టులో ఆ గది కనిపించదు. ఫైలు తిరిగి రావడానికి మేం ఎక్కువగా చూసిన కారణాలు ఇవి: దస్తావేజులో గజాలు, డ్రాయింగులో చదరపు మీటర్లు పొంతన కుదరకపోవడం (200 గజాలంటే 167.2 చ.మీ.), రోడ్డు వెడల్పు తప్పుగా రాయడం, ఖాళీ స్థలం పన్ను బకాయి, లింకు డాక్యుమెంటు (స్థలం పాత దస్తావేజు) స్కాన్ మసకగా ఉండడం. డాక్యుమెంట్లు ఒక్కొక్కటీ విడి ఫైలుగా, నిటారుగా, నలుపు తెలుపులో స్కాన్ చేయిస్తే సగం తలనొప్పి పోతుంది. నిర్మాణ వ్యయం మీద 1 శాతం లేబర్ సెస్సు కూడా కట్టాల్సి రావచ్చని యజమానికి ముందే చెప్పాలి. చాలామంది బడ్జెట్‌లో అది ఉండదు. మాది సందేహాలకి జవాబులు ఇచ్చుకుంటూ ఫిబ్రవరి నెలాఖరుకి వచ్చింది. ఆ ఎదురుచూపుల్లో యజమానికి రోజూ ఫోన్లో జవాబు చెప్పేది ట్రైనీయే.

అనుమతి కోసం చూస్తూ కూర్చోరు. ఫిబ్రవరి మొదటి నుంచే వర్కింగ్ డ్రాయింగులు, అంటే కట్టడానికి ఇచ్చేవి, మొదలవుతాయి. ట్రైనింగ్‌కి గుండెకాయ ఇదే. ఒక మామూలు ఇంటికి సెంటర్‌లైన్, స్తంభాలు, ప్లింత్ బీము, ప్రతి అంతస్తుకీ ఇటుక పని, తలుపులు కిటికీల పట్టిక, మెట్లు, ప్రతి బాత్‌రూమ్‌కీ విడి షీటు, వంటగట్టు, కరెంటు, నీళ్ళు, గచ్చు, పిట్టగోడ. 40 షీట్ల దాకా వస్తాయి.

మెట్లు చూడండి. 10 అడుగుల 6 అంగుళాలు అంటే 3200 మి.మీ. ఒక్కో మెట్టు 160 ఎత్తు పెడితే సరిగ్గా 20 మెట్లు. కాలేజీలో లెక్క ఇక్కడితో అయిపోతుంది. సైట్లో గచ్చు మీద నింపుడు, టైలు కలిపి 75 మి.మీ. వస్తుంది, మెట్టు మీద గ్రానైటు, సిమెంటు కలిపి 40 మాత్రమే. కాంక్రీటులో అన్ని మెట్లూ 160 పోస్తే, గ్రానైటు వేశాక మొదటి మెట్టు 125, చివరి మెట్టు 195 అవుతుంది. రోజూ కాలు తడబడేది అక్కడే. కాబట్టి కాంక్రీటులో మొదటి మెట్టు 195, చివరిది 125 పోయాలి. అప్పుడు పూర్తయ్యాక అన్నీ 160. డ్రాయింగులో రెండు అంకెలూ వేరువేరుగా, రఫ్, ఫినిష్ అని పేర్లతో రాయాలి. ఇంటర్వ్యూలో మెట్లు గీయమనేది ఇందుకే. సెంట్రింగ్ మేస్త్రిగారు మొదటి డ్రాయింగు చేతికి ఇవ్వగానే అడిగిన మాట ఇదే: "ఇది ఫినిషింగ్ కొలతా, రఫ్ కొలతా అమ్మా?"

తలుపులదీ అదే కథ. 7 అడుగుల తలుపు పూర్తయిన గచ్చు మీద నిలబడుతుంది. లింటెల్ (తలుపు మీద అడ్డంగా పోసే కాంక్రీటు) కింది అంచు స్లాబు నుంచి 7 అడుగులకి పెట్టేస్తే మూడు అంగుళాలు తగ్గి, వడ్రంగి తలుపు కోయాల్సి వస్తుంది. కొనుక్కొచ్చిన రెడీమేడ్ తలుపైతే కింది అంచు కోస్తే లోపల చెక్క బయటపడి బాత్‌రూమ్ తడికి ఉబ్బుతుంది. పిట్టగోడ 3 అడుగులు అని రాసి ఊరుకుంటే తాపీ మేస్త్రి స్లాబు నుంచి కడతాడు. డాబా మీద వాలు 100కి 1 చొప్పున పోస్తే 30 అడుగుల దూరానికి సుమారు మూడున్నర అంగుళాలు లేస్తుంది, దాని మీద టైలు. పిట్టగోడ రెండున్నర అడుగులకి పడిపోతుంది, పిల్లలు ఉన్న ఇంట్లో అది ప్రమాదం. 'పూర్తయిన డాబా మట్టం నుంచి' అన్న నాలుగు మాటలు రాయడమే దీనికి మందు. వాన నీటి గొట్టాలు రెండు మూలల్లో పెడితే నీళ్ళు ప్రయాణించే దూరం తగ్గి మందం కూడా తగ్గుతుంది, స్లాబు మీద బరువూ తగ్గుతుంది.

బాత్‌రూమ్‌లు అన్నింటికంటే కష్టం. ప్లానులో ఇటుక నుంచి ఇటుకకి 4 అడుగులు అని ఉంటుంది. ప్లాస్టరింగ్, టైలు, వాటి మధ్య సిమెంటు కలిపి ఒక్కో వైపు అంగుళంపావు తింటుంది. మిగిలేది 3 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. గాజు పలక ఆర్డరు ప్లాను చూసి ఇస్తే పట్టదు. కమోడ్ కింద గొట్టం మధ్య బిందువు 9 అంగుళాలా, 12 అంగుళాలా అన్నది కొనే మోడల్‌ని బట్టి ఉంటుంది, ఆ కొలత పూర్తయిన గోడ టైలు నుంచి. యజమాని మోడల్ ఎంచుకోకుండా ప్లంబింగ్ డ్రాయింగు ఇవ్వకూడదు. ఇక్కడ ఆలస్యం ఎప్పుడూ యజమాని వైపు నుంచే, కనీసం రెండు వారాలు. ముందుగా శానిటరీ షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం మా సీనియర్ అక్క పద్ధతి. గొట్టాల కోసం బాత్‌రూమ్ కింద పల్లంగా పోసిన స్లాబులో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక 48 గంటలు నీళ్ళు నిలబెట్టి, కింద గదిలో తడి చూసి, ఫోటో తీసి తేదీతో దాచాకే నింపుడు వేయనిచ్చేవారు.

కరెంటు డ్రాయింగులో ఎవరూ చెప్పని ఒక సంగతి: 4 అంగుళాల ఫ్లైయాష్ ఇటుక గోడకి రెండు వైపులా ఒకే చోట స్విచ్‌బోర్డులు వస్తే, ఒక్కో పెట్టె లోతు 2 అంగుళాలు కాబట్టి గోడకి రంధ్రం పడినట్టే. ఒకదాన్ని అడుగు పక్కకి జరపాలి.

స్ట్రక్చరల్ ఇంజనీర్ నుంచి డ్రాయింగు వచ్చాక రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూడడం ట్రైనీకి ఇచ్చే అతి ముఖ్యమైన పని. 9 × 15 అంగుళాల స్తంభం 4 అంగుళాల గోడలోంచి పొడుచుకొచ్చి వార్డ్‌రోబ్‌కి అడ్డం పడుతుందా, 18 అంగుళాల బీము కింద కిటికీ వెంటిలేటరు పడుతుందా, డ్రైనేజీ గొట్టం బీమును దాటాల్సి వస్తోందా అన్నవన్నీ అక్కడే బయటపడతాయి. వారంలో ఒక పూట దీనికే పోతుంది. కాగితం మీద అరగంటలో పోయే తప్పు, సైట్లో బ్రేకర్ పెట్టి రోజంతా కొట్టాల్సిన తప్పు అవుతుంది.

సముద్రం పక్క ఊరు కావడం వల్ల కొన్ని అంకెలు ఇక్కడ మారతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది మన ఊరి దగ్గరే. ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం విశాఖకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లుగా తీసుకుంటారు. పెద్ద గాజు కిటికీలు, డాబా మీద షీట్ల షెడ్లు, సోలార్ స్టాండ్లు దీన్ని తట్టుకోవాలి. బోల్టులు కాంక్రీటులోకి దిగాలి, ఇటుకలోకి కాదు. కాంక్రీటు ప్రమాణాలు చెప్పే ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంత వాతావరణానికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటు తీవ్రమైన పరిస్థితి కిందికి వస్తుంది. కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఇనుము మీద 45 మి.మీ. కాంక్రీటు కవరు. లాసన్స్ బే, రుషికొండ వైపు బాల్కనీల అడుగున పెచ్చులూడి చువ్వలు కనిపించే పాత భవనాలు చూస్తే ఈ అంకెల విలువ తెలుస్తుంది. రెయిలింగులకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బీచ్ వైపు తుప్పు మచ్చలు పడుతుంది. 316 వాడితే చాలా కాలం నిలుస్తుంది. ధర ఎక్కువే. యజమాని ఒప్పుకోకపోతే ఇనుప గ్రిల్‌కి గాల్వనైజింగ్ చేయించి రంగు వేయమంటాం. ఏసీ బయటి యూనిట్లు సముద్రానికి ఎదురుగా కాకుండా ఇంటి చాటు వైపు పెట్టడం కూడా డ్రాయింగులోనే తేలాలి. అక్కడికి మెకానిక్ చేరుకునే దారి కూడా చూపాలి.

మార్చి నుంచి సైటు. ముగ్గు పోసే రోజు 3-4-5 లెక్కతో (భుజాలు 3, 4 అయితే కర్ణం 5 రావాలి) మూలమట్టం చూసి, దారాలు కట్టి, కర్ణాలు మళ్ళీ కొలుస్తారు. ఎండ తొమ్మిదికే మొదలవుతుంది, ఉక్కపోతకి డ్రాయింగు చేతిలోనే తడిసిపోతుంది. షీట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. సైట్లో బాత్‌రూమ్ ఉండదు. ఆడపిల్లలకి ఇది నిజమైన సమస్య. దగ్గర్లో ఉన్న క్లయింటు ఇల్లో, పెట్రోలు బంకో ముందే చూసుకుని బయల్దేరాలి. నీళ్ళు తాగడం మాత్రం మానొద్దు.

స్లాబు రోజు ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. ముందు రోజు సాయంత్రం చెక్ లిస్టు పట్టుకుని సెంట్రింగ్ మీదికి ఎక్కాం. చువ్వల కింద పెట్టే కవర్ బ్లాకులు అన్ని చోట్లా ఉన్నాయా, ఎక్కడైనా రాయి ముక్క పెట్టారా. కరెంటు పైపులన్నీ ఒకే చోట గుంపుగా స్తంభం దగ్గరకి వస్తున్నాయా, వస్తే అక్కడ కాంక్రీటు పల్చబడుతుంది. ఫ్యాను పెట్టెలు గది మధ్యలో ఉన్నాయా. ఆ మధ్య కొలిచేది వార్డ్‌రోబ్ వదిలేసి మిగిలిన గదికి. బాత్‌రూమ్ పల్లం కొలత సరిపోయిందా. మీద చువ్వలు తొక్కుడుకి కిందికి దిగిపోకుండా కుర్చీలు (వాటిని ఎత్తి పట్టే వంచిన చువ్వలు) ఉన్నాయా. బాల్కనీలో పైన ఉండాల్సిన చువ్వ కిందికి దిగితే ఆ బాల్కనీ బలం పోయినట్టే, అందుకే అక్కడ రెండుసార్లు చూస్తారు. ఉదయం ఆరింటికి కాంక్రీటు మొదలైంది, మధ్యాహ్నం రెండుకి ముగిసింది. 150 మి.మీ. క్యూబులు పోయించి తేదీ గీయించాం. 7 రోజులకి, 28 రోజులకి పరీక్షకి వెళ్ళాయి. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంటు కాబట్టి కనీసం 10 రోజులు నీళ్ళు కట్టాలి. పోట్లు (స్లాబును కింద నుంచి మోసే కర్రలు) తీసే గడువులు మాత్రం గోడ మీద రాసి పెట్టాలి. మామూలు సిమెంటు (ఓపీసీ) అయితే, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకి 7 రోజులు, దాటితే 14, ఆరు మీటర్ల లోపు బీములకి 14, దాటితే 21. పీపీసీకి ఇంకా ఆగాలి, ఎన్నాళ్ళన్నది ఇంజనీరు చెప్పాలి. సెంట్రింగ్ సామాను అద్దెది కావడంతో తొందరగా విప్పాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. నెలల తరబడి కంప్యూటర్లో చూసిన గది మూల ఎక్కడ వస్తుందో, ఆ కాంక్రీటు మీద నిలబడి గుర్తుపట్టినప్పుడు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ రాలేదు.

డ్రాయింగు మార్పులు సైట్‌కి చేరే తీరు మీద మా స్టూడియో చాలా కచ్చితంగా ఉండేది. వాట్సాప్‌లో ఫోటో పంపి మార్చమనడం నిషేధం. ఫైలు పేరులో పని, షీటు, రివిజన్, తేదీ ఉంటాయి. ఆర్2 వచ్చిందంటే సైట్లో ఉన్న ఆర్1 కాగితాన్ని తీసుకొచ్చి దాని మీద రద్దు అని రాయాలి. మారిన చోట మేఘం ఆకారంలో గీత గీస్తారు. పాత షీటు గోడకి అతికించి ఉంటే మేస్త్రి దాన్నే చూసి కడతాడు, ఆయన తప్పేమీ లేదు. ఏ1 ప్రింట్లు ఎక్కువ ఖర్చు కాబట్టి మేం ఏ3లో తనిఖీ చేసి, ఆఖరున మాత్రమే ద్వారకానగర్‌లో ప్లాటర్ మీద తీయించేవాళ్ళం.

మే మొదటి వారం నుంచే ముగింపు పనులు మొదలుపెట్టండి. లాగ్‌బుక్‌లో వారం వారం సంతకం తీసుకోకపోతే చివర్లో ప్రిన్సిపల్ దొరకరు, నెలల సంతకాలు ఒక్కసారి అడగడం బాగుండదు కూడా. సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, ముగిసిన తేదీ, మేడమ్ రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. కాలేజీ ఇచ్చిన నమూనా ముందే ఇస్తే మళ్ళీ తిరగాల్సిన పని ఉండదు. ఆఖరి నెల స్టైపెండ్ జూన్ రెండో వారంలో పడింది, మిగతా చోట్ల కూడా అలాగే ఆలస్యమవుతుందని విన్నాను. ఏ డ్రాయింగులు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చో మెయిల్‌లో రాసి అడగండి, మాట మీద వదలొద్దు. అనుమతి వచ్చినవాటిలో కూడా యజమాని పేరు, ప్లాటు నంబరు, సర్వే నంబరు తీసేసి, మీరు గీసిన భాగం ఏదో, సీనియర్లు చేసినది ఏదో షీటు కింద స్పష్టంగా రాయాలి.